అనుమతి ప్లాన్ నుంచి స్లాబ్ స్టీలు దాకా: ఇంటి డ్రాయింగులు చదవడం ఎలా

క్లుప్తంగా: మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాన్ ఎంత కట్టుకోవచ్చో చెబుతుంది. ఎలా కట్టాలో చెప్పే వర్కింగ్ డ్రాయింగులు, స్ట్రక్చరల్ డ్రాయింగులు వేరే ఉంటాయి. వాటిని చదవడంలో జరిగే తప్పులు ఎక్కువగా నాలుగు చోట్ల పుడతాయి. ఇంటిని ఎక్కడ కోసి గీశారో తెలియకపోవడం, కాగితం మీద స్కేలు పెట్టి కొలవడం, లెవెల్స్ (ఎత్తులు) వదిలేయడం, స్టీలు పైన వేయాల్సింది కింద వేయడం. చివరిది ప్రాణాల మీదికి తెస్తుంది.

కొత్తగా ఇల్లు మొదలుపెట్టేవాళ్ళ ఫోన్‌లో ఇప్పుడు ఒక పీడీఎఫ్ ఉంటుంది. అనుమతి ఆన్‌లైన్‌లో వస్తోంది కాబట్టి ప్లాన్ కూడా ఫోన్‌లోకే వస్తోంది. దాన్ని మేస్త్రీకి వాట్సాప్‌లో పంపుతారు. మేస్త్రీ రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి, ముగ్గు పోయడానికి మంచిరోజు ఎప్పుడని అడుగుతాడు. చాలా ఇళ్ళకు డ్రాయింగ్ చదవడం అన్నది అక్కడితో అయిపోతుంది.

ఇదివరకటి కంటే ఇప్పుడు దీనికి ప్రాముఖ్యం పెరగడానికి ఒక కారణం అనుమతుల పద్ధతి మారడం. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం స్వీయ ధ్రువీకరణను తెచ్చింది. 500 చదరపు మీటర్ల దాకా స్థలంలో, 10 మీటర్ల ఎత్తు మించని ఇళ్ళకు యజమాని ఇచ్చిన వివరాల మీదే అప్పటికప్పుడు అనుమతి వచ్చే ఏర్పాటు అది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆన్‌లైన్‌లో పెట్టిన డ్రాయింగ్ ఫైలును సాఫ్ట్‌వేరే నిబంధనలతో పోల్చి చూస్తుంది. పని త్వరగా అవుతుంది. అయితే డ్రాయింగ్‌లో ఉన్న ప్రతి అంకె యజమాని తన మాటగా ఇచ్చినట్టే. తన ప్లాన్‌లో ఏముందో తెలియకుండా సంతకం పెట్టేవాళ్ళకు ఆ బరువు తర్వాత తెలుస్తుంది.

## ఒక ఇంటికి నాలుగైదు కట్టల కాగితాలు

అనుమతి డ్రాయింగ్‌లో స్థలం హద్దులు, రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలిన ఖాళీ, ప్రతి అంతస్తు ప్లాన్, ఒకటో రెండో సెక్షన్లు (నిలువు కోతలు), ముందు నుంచి కనిపించే ఎలివేషన్, ఇంకుడు గుంత వంటివి ఉంటాయి. ఈ కట్టడం నిబంధనలకు లోబడి ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నకే అది జవాబు. పిల్లర్‌లో ఎన్ని చువ్వలు వేయాలి, బీమ్ ఎంత లోతు ఉండాలి, బాత్‌రూమ్ నీళ్ళు ఎటు పోవాలి, స్విచ్ బోర్డు తలుపుకు ఏ పక్క రావాలి అన్నవి అందులో ఉండవు.

వాటికి వేరే కట్టలు. ఆర్కిటెక్ట్ ఇచ్చే వర్కింగ్ డ్రాయింగులు గదుల కొలతలు, గోడల మందం, తలుపులు, కిటికీలు, ఫ్లోరింగ్ చెబుతాయి. స్ట్రక్చరల్ ఇంజనీర్ ఇచ్చేవి పునాది, పిల్లర్లు, బీములు, స్లాబుల లెక్క. కరెంటుకు, నీళ్ళకు చెరొకటి.

గోడల మీద నిలిచే పాత ఇళ్ళలో ఇన్ని కాగితాల అవసరం ఉండేది కాదు. గోడ మందం, దూలం లావు, వాసాల మధ్య దూరం అన్నీ కళ్ళెదుట ఉండేవి. దూలం సన్నగా ఉంటే ఊళ్ళో పెద్దమనిషి ఎవరో ఒకరు చూసి చెప్పేవారు. ఆర్‌సీసీ ఇంట్లో బలమంతా కాంక్రీట్ లోపల దాక్కుని ఉంటుంది. స్లాబ్ పోసిన మర్నాడు పైకి ఎక్కి చూస్తే సరిగ్గా కట్టిన స్టీలూ, తప్పుగా కట్టిన స్టీలూ ఒకేలా కనిపిస్తాయి. తప్పు పట్టుకునే అవకాశం కాంక్రీట్ పోయడానికి ముందు కొన్ని గంటలే. ఆ గంటల్లో చేతిలో ఉండాల్సింది సరైన డ్రాయింగ్.

## ప్లాన్: అడ్డంగా కోసిన ఇల్లు

ప్లాన్ ఇంటిని పై నుంచి తీసిన ఫొటో అనుకుంటారు. పై నుంచి చూస్తే కనిపించేది డాబా, పిట్టగోడ, నీళ్ళ ట్యాంకు. ఇంటిని నేల నుంచి దాదాపు నాలుగడుగుల ఎత్తులో అడ్డంగా కోసి, పై భాగం తీసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని పై నుంచి చూసి గీసేది ప్లాన్. నిమ్మకాయను అడ్డంగా కోస్తే తొనలు చక్రంలా కనిపిస్తాయి, నిలువుగా కోస్తే వేరేలా ఉంటాయి. కాయ ఒకటే, కోత వేరు.

ఈ ఒక్క సంగతి పట్టుబడితే ప్లాన్‌లో సగం అర్థమవుతుంది. కోత పడినవాటిని లావు గీతతో గీస్తారు: గోడలు, పిల్లర్లు. కోత కింద ఉన్నవి సన్నగీతతో వస్తాయి: వంటగట్టు, మెట్లు, కమోడ్. కోతకు పైన ఉండేవి చుక్కల గీతలో చూపిస్తారు: అటక, సజ్జ, పైన వెళ్ళే బీమ్. మూడడుగుల ఎత్తున మొదలయ్యే కిటికీని కోత తాకుతుంది కాబట్టి గోడలో సందులా కనిపిస్తుంది. బాత్‌రూమ్ వెంటిలేటర్ ఏడడుగుల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి చుక్కల గీతగానో, ‘వి’ అన్న గుర్తుగానో మిగులుతుంది. చుక్కల గీతలను పట్టించుకోకపోవడం వల్లే, హాలు మధ్యలో బీమ్ దిగినప్పుడు ఇంటివాళ్ళు కంగారు పడతారు. అది మొదటి నుంచీ కాగితం మీద ఉంది.

తలుపు దగ్గర పావు చక్రం గీత ఉంటుంది. రెక్క ఎటు తెరుచుకుంటుందో చెప్పేది అదే. దాన్ని కరెంటు డ్రాయింగ్ పక్కన పెట్టి చూడాలి. స్విచ్ బోర్డు రెక్క వెనక పడితే, లైటు వేయడానికి గదిలోకి వెళ్ళి, తలుపు మూసి, అప్పుడు చీకట్లో తడుముకోవాలి. కాగితం మీద సరిదిద్దడానికి ఒక నిమిషం చాలు. గోడ పూర్తయ్యాక సరిదిద్దాలంటే కట్టర్, దుమ్ము, మళ్ళీ ప్లాస్టరింగ్.

డి, డి1, డి2, డబ్ల్యు1 వంటి గుర్తుల అర్థం అదే కాగితం మూలన ఉండే పట్టికలో దొరుకుతుంది. ఒక డ్రాయింగ్‌లో డి1 అంటే మూడడుగుల తలుపు అయితే ఇంకో డ్రాయింగ్‌లో అది రెండున్నర కావచ్చు. పట్టిక చూడకుండా వడ్రంగికి చెప్పకూడదు. పట్టికలోని కొలత గోడలో వదిలే ఖాళీదా, దర్వాజా బయటి కొలతా, రెక్కదా అన్నదీ అడిగి తెలుసుకోవాలి. మూడడుగుల ఖాళీలో దర్వాజా కర్ర మందం రెండు పక్కలా పోతే మనిషి దూరే దారి రెండున్నర అడుగులకు దగ్గరగా వస్తుంది. బీరువా లోపలికి తెచ్చే రోజు ఆ తేడా తెలుస్తుంది.

## స్కేలు పెట్టి కొలిస్తే ఎక్కడ తప్పుతుంది

అనుమతి డ్రాయింగులు ఎక్కువగా 1:100లో ఉంటాయి. కాగితం మీద ఒక సెంటీమీటరు, నేల మీద ఒక మీటరు. వర్కింగ్ డ్రాయింగులు 1:50లో, మెట్లు, తలుపుల వంటి వివరాలు 1:20లో, 1:10లో వస్తాయి. ఇది కాగితం అసలు సైజులో ఉన్నప్పటి మాట.

ఏ3 కాగితం కోసం గీసిన డ్రాయింగ్‌ను జిరాక్స్ షాపులో ఏ4 మీద తీస్తే బొమ్మ 0.707 వంతుకు తగ్గుతుంది. మూలన 1:100 అనే ఉంటుంది కానీ నిజానికి అది 1:141 అయిపోయింది. 12 అడుగుల గది ఏ3 మీద 36.6 మిల్లీమీటర్లు ఉంటే, ఏ4 మీద 25.9 మి.మీ. అవుతుంది. దాన్ని స్కేలుతో కొలిచి వందతో గుణిస్తే ఎనిమిదిన్నర అడుగులు వస్తుంది. ఫోన్ తెర మీదైతే స్కేలు అన్న మాటకే అర్థం లేదు.

అందుకే డ్రాయింగులన్నిటికీ వర్తించే నియమం ఒకటుంది: రాసిన అంకెనే తీసుకోవాలి, గీతను కొలవకూడదు. చాలా డ్రాయింగుల సాధారణ సూచనల్లో ఇది మొదటి వాక్యంగా ఉంటుంది. అంకె లేని చోట కొలిచి ఊహించుకోవడం కంటే, గీసినవాళ్ళను అడిగి ఆ అంకె రాయించుకోవడం మంచిది.

అంకెల్లోనూ రెండు భాషలున్నాయి. అనుమతి కాగితం మీటర్లలో ఉంటుంది, స్ట్రక్చరల్ డ్రాయింగ్ మిల్లీమీటర్లలో ఉంటుంది, సైటులో అడుగులు, అంగుళాల్లో మాట్లాడతారు. స్థలం సంగతికొస్తే తెలంగాణలో గజాలు, కోస్తాలో సెంట్లు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న స్థలం 1,800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు, అంటే 167.2 చదరపు మీటర్లు. ఒక సెంటు 48.4 గజాలు. 230 మి.మీ. గోడ అంటే మేస్త్రీ లెక్కలో తొమ్మిది అంగుళాల గోడ, 115 అంటే నాలుగున్నర. 230, 450 అని పిల్లర్‌కు రాసి ఉంటే అది తొమ్మిది, పద్దెనిమిది. డ్రాయింగ్‌లో 150 అని ఉంటే ఆరు అంగుళాలు అనుకోవడంలో తప్పు లేదు, తేడా రెండున్నర మిల్లీమీటర్లు కూడా రాదు. అయితే 3,000 మి.మీ.ను పదడుగులు అనుకుంటే 48 మి.మీ. తేడా వస్తుంది. వరసగా నాలుగు గదులకు అలా అనుకుంటే ఏడున్నర అంగుళాలు. ఆ ఏడున్నర అంగుళాలు చివరికి సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో) నుంచే పోతాయి.

గది కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది మరో చిక్కు. బాణం గుర్తు గోడ ముఖం దగ్గర ఆగితే అది లోపలి కొలత. గోడ మధ్యలో ఆగితే సెంటర్ నుంచి సెంటర్. తొమ్మిది అంగుళాల గోడలున్న చోట ఈ రెంటికీ ముప్పావు అడుగు తేడా. ముఖం నుంచి ముఖానికి ఇచ్చినా అది సాధారణంగా ఇటుక గోడ ముఖమే. రెండు పక్కలా అరంగుళం చొప్పున ప్లాస్టరింగ్ పడితే పదడుగుల గదిలో ఒక అంగుళం పోతుంది. డ్రాయింగ్ కొలతతో చేయించిన వార్డ్‌రోబ్ లోపలికి పట్టకపోవడానికి ఈ అంగుళమే కారణం.

ఫ్లాట్ కొనేవాళ్ళకు ఇదే ప్రశ్న ఇంకో రూపంలో వస్తుంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి రంగ నియంత్రణ) చట్టం ప్రకారం కార్పెట్ ఏరియాలో లోపలి విభజన గోడలు కలుస్తాయి. బయటి గోడలు, పైపులు వెళ్ళే షాఫ్టులు, బాల్కనీ కలవవు. బ్రోచర్‌లోని రంగుల ప్లాన్‌లో గది పెద్దదిగా అనిపిస్తే అందులో గీసిన మంచాన్ని గది కొలతతో పోల్చి చూడాలి. ఆరడుగుల వెడల్పు ఉండాల్సిన డబుల్ కాట్ ఐదడుగుల్లోపే గీసి ఉంటే గది ఖాళీగానే కనిపిస్తుంది.

## మెట్ల దగ్గర లెక్క తప్పితే

సెక్షన్ అంటే నిలువు కోత. ప్లాన్‌లో ఒక గీత మీద రెండు చివరలా బాణాలు, ‘ఎ-ఎ’ అన్న గుర్తు ఉంటాయి. ఇంటిని అక్కడ నిలువుగా కోసి, బాణం చూపిన వైపు చూస్తే కనిపించేది సెక్షన్. ఎత్తులన్నీ ఇక్కడే ఉంటాయి: బేస్‌మెంట్ ఎంత, కిటికీ కింద గోడ ఎంత, లింటెల్ (తలుపు, కిటికీ పైన వచ్చే అడ్డబీమ్) ఎక్కడ, స్లాబ్ ఎక్కడ. ప్లాన్ మీద ఉన్న శ్రద్ధ సెక్షన్ మీద ఎవరికీ ఉండదు. గదులు ఎక్కడున్నాయో చూసుకుని, మిగతాది మేస్త్రీకి తెలుసులే అనుకుంటారు.

మెట్లు చూస్తే సెక్షన్ విలువ తెలుస్తుంది. ఒక నేల నుంచి పై నేలకు పదడుగులు, అంటే 120 అంగుళాలు అనుకుందాం. మెట్టు ఎత్తు ఆరంగుళాలైతే 20 ఎత్తులు. మధ్యలో ల్యాండింగ్‌తో రెండు వరసలుగా వెళ్తే ఒక్కో వరసకు 10. పదో మెట్టు ల్యాండింగే కాబట్టి అడుగు పెట్టే పలకలు తొమ్మిదే. ఒక్కోటి పది అంగుళాల చొప్పున ఏడున్నర అడుగులు. దానికి మూడడుగుల ల్యాండింగ్ కలిపితే మెట్ల గది పొడవు కనీసం పదిన్నర అడుగులు కావాలి.

ప్లాన్‌లో మెట్ల గది తొమ్మిదడుగులే ఉందనుకోండి. ల్యాండింగ్ పోగా ఆరడుగులు, అంటే పది అంగుళాల పలకలు ఏడే పడతాయి. వరసకు ఎనిమిది ఎత్తులు, మొత్తం పదహారు. 120ని పదహారుతో భాగిస్తే మెట్టు ఎత్తు ఏడున్నర అంగుళాలు, 190.5 మి.మీ. ఇళ్ళకు నేషనల్ బిల్డింగ్ కోడ్ పెట్టిన గరిష్ఠ పరిమితి 190. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ రోజూ ఎక్కాల్సిన మెట్లు అవి. ప్లాన్‌లో గీసిన మెట్లను వేలితో లెక్కపెట్టి, సెక్షన్‌లోని ఎత్తును దాంతో భాగిస్తే ఈ సంగతి పునాది తవ్వకముందే బయటపడుతుంది.

లెవెల్స్‌లో రెండు రకాలు ఉంటాయి: స్లాబ్ పైముఖం లెవెల్, ఫ్లోరింగ్ పూర్తయ్యాక నేల లెవెల్. మెట్లను స్లాబ్ లెవెల్‌కే ఆరంగుళాల చొప్పున సమానంగా పోశారనుకుందాం. తర్వాత కిందా పైనా నేల మీద రెండంగుళాల ఫ్లోరింగ్, మెట్ల మీద ఒక అంగుళం గ్రానైట్ పడ్డాయి. మొదటి మెట్టు ఐదంగుళాలు అవుతుంది, చివరిది ఏడు అవుతుంది, మధ్యలోవి ఆరే ఉంటాయి. మనిషి కాలు మొదటి రెండు మెట్లకే ఎత్తు నేర్చేసుకుంటుంది. చివరి మెట్టు దగ్గర బొటనవేలు తగులుతుంది. కొన్ని ఇళ్ళలో వచ్చినవాళ్ళందరూ ఒకే మెట్టు దగ్గర తూలడానికి కారణం ఇదే.

బాత్‌రూమ్‌కు మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటే అక్కడ స్లాబ్‌ను అంత కిందికి దించి పోయాలని అర్థం. పైపులు ఆ లోతులో దాక్కుంటాయి. ఆ చిన్న గీతను చూడక సెంట్రింగ్ (కాంక్రీట్ కింద కట్టే తాత్కాలిక అచ్చు) అంతా ఒకే మట్టానికి కొట్టేస్తే, ఇక బాత్‌రూమ్‌కు మెట్టెక్కి వెళ్ళాల్సిందే.

## స్టీలు: పైనా, కిందా

స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో ‘8Ø @ 150’ అని ఉంటే, 8 మి.మీ. చువ్వలు 150 మి.మీ.కు ఒకటి చొప్పున, సెంటర్ నుంచి సెంటర్‌కు. మూడు మీటర్ల వెడల్పుకు 21 చువ్వలు. ఆ 150ని 200 చేస్తే 16 చాలు. అయిదు చువ్వలు మిగిలాయన్న సంతోషం వెనక నాలుగో వంతు స్టీలు తగ్గింది. 10 మి.మీ. బదులు 8 వేస్తే తగ్గేది ఇంకా ఎక్కువ. మందం రెండే తగ్గినట్టు ఉంటుంది కానీ చువ్వ అడ్డుకోత 78.5 నుంచి 50.3 చదరపు మిల్లీమీటర్లకు పడిపోతుంది, అంటే మూడో వంతుకు పైగా.

‘టి’ అన్న అక్షరం దగ్గర జాగ్రత్త కావాలి. కొన్ని డ్రాయింగుల్లో అది పైన అన్న గుర్తు, ‘బి’ కింద అన్న గుర్తు. మరికొన్నిటిలో టి16 అంటే 16 మి.మీ. టార్ స్టీలు చువ్వ అని మాత్రమే. ఏది ఏమిటో సూచనల పట్టికలో ఉంటుంది.

పైనా కిందా అన్నది ఎందుకంత ముఖ్యమో బాల్కనీ దగ్గర చూడాలి. రెండు గోడల మధ్య ఉన్న స్లాబ్ మీద బరువు పడితే అది మధ్యలో కిందికి వంగుతుంది. అప్పుడు అడుగు భాగం సాగుతుంది. కాంక్రీట్ నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, సాగదీస్తే ఓర్చుకోలేదు. సాగుడును మోయడానికే స్టీలు. అందుకే గది స్లాబ్‌లో ముఖ్యమైన చువ్వలు కింద ఉంటాయి. బాల్కనీ, సజ్జ, పోర్టికో వంటివి ఒక వైపే పట్టు ఉండి గాల్లోకి చాచుకుని ఉంటాయి. చెట్టు కొమ్మ చివర ఎవరైనా కూర్చుంటే కొమ్మ మొదట్లో బెరడు పై వైపు చిట్లుతుంది. అలాగే ఇక్కడ సాగేది పై భాగం. కాబట్టి ముఖ్యమైన చువ్వలు పైన ఉండాలి, గోడ దాటి లోపలి స్లాబ్‌లోకి వెళ్ళాలి. ఎంత లోపలికన్నది డ్రాయింగ్‌లో రాసి ఉంటుంది. మామూలుగా అది బయటికి చాచిన పొడవు కంటే తక్కువ ఉండదు.

ప్లాన్ చూస్తే గది స్లాబ్ చువ్వలూ, బాల్కనీ చువ్వలూ ఒకేలాంటి గీతలు. తేడా సెక్షన్‌లోనే తెలుస్తుంది, బాల్కనీ దగ్గర లావు గీత పై అంచుకు ఆనుకుని వెళ్తుంది. అది చూడకపోతే గది చువ్వలనే బయటిదాకా సాగదీసి కింద వేసేస్తారు.

సరిగ్గా కట్టినా ఇంకో గండం ఉంది. కాంక్రీట్ పోసే రోజు తట్టలు మోసేవాళ్ళు ఆ చువ్వల మీదే నడుస్తారు. కింద చైర్లు (పై చువ్వలను ఎత్తి పట్టే వంచిన చువ్వ ముక్కలు) లేకపోతే పై చువ్వలు దిగిపోతాయి. ఐదంగుళాల స్లాబ్‌లో పై చువ్వ అడుగు నుంచి సుమారు 100 మి.మీ. ఎత్తున ఉండాలి. అది 50 మి.మీ. దిగితే బాల్కనీ బలం దాదాపు సగమవుతుంది. సెంట్రింగ్ ఉన్నంతకాలం ఏమీ తెలియదు. గుంజలు తీసిన రోజే అది మొదటిసారి తన బరువు తాను మోస్తుంది. కొత్త సజ్జలు, పోర్టికోలు సెంట్రింగ్ విప్పుతుండగా కూలడం వెనక ఇదొక ముఖ్యమైన కారణం.

పిల్లర్ల విషయంలో చూడాల్సింది దిశ. 230, 450 పిల్లర్‌ను లేఅవుట్‌లో పొడుగు వైపు ఎటు గీశారో సైటులోనూ అటే ఉండాలి. మూరెడు పిల్లర్ గోడలోంచి పొడుచుకు వస్తోందని అడ్డం తిప్పితే, ఇంజనీర్ లెక్కించిన దిశలో వంగకుండా ఆపే శక్తి దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది. రింగుల (నిలువు చువ్వల చుట్టూ కట్టే సన్న చువ్వల) కొక్కేలు కూడా డ్రాయింగ్‌లో విడిగా గీసి ఉంటాయి, 135 డిగ్రీలు వంచి కొన లోపలికి పోయేలా. భూకంపాలను తట్టుకునే కట్టడాలకు ఐఎస్ 13920 అనే భారత ప్రమాణం కోరేది ఇదే. సైటులో తేలిక కదా అని 90 డిగ్రీలకే వంచితే, కుదుపులో పైపెచ్చు రాలిన వెంటనే రింగు విచ్చుకుంటుంది.

చువ్వకు, కాంక్రీట్ పైముఖానికి మధ్య వదిలే కవర్ కూడా డ్రాయింగ్‌లో అంకెగానే ఉంటుంది. కాంక్రీట్ పనికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు పరిస్థితుల్లో స్లాబ్‌కు కనీసం 20 మి.మీ., పిల్లర్‌కు 40, ఫుటింగ్‌కు 50. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇంకా ఎక్కువ కావాలి. ఉప్పుగాలికి స్టీలు తుప్పు పట్టకుండా కాపాడేది ఆ మందమే.

## రెండు కాగితాలు రెండు మాటలు చెబితే

ఆర్కిటెక్ట్ డ్రాయింగ్‌లో వెంటిలేటర్ ఉన్నచోట స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో బీమ్ రావచ్చు. ఒకదానిలో గ్రిడ్ గీత (పిల్లర్ల స్థానాలు చూపే గీత) పిల్లర్ మధ్య నుంచి, ఇంకోదానిలో బయటి అంచు నుంచి వెళ్ళవచ్చు. ముగ్గు పోసే రోజు ఈ తేడా పట్టుకోకపోతే తొమ్మిది అంగుళాల పిల్లర్ నాలుగున్నర అంగుళాలు బయటికి జరుగుతుంది. మార్కింగ్ అయ్యాక ఎదురు మూలలు కొలవడం మేస్త్రీలందరికీ తెలిసిందే: 30, 40 అడుగుల చోట రెండు మూలకొలతలూ 50 అడుగులే రావాలి. అయితే అది మూలమట్టం సరిగ్గా ఉందని మాత్రమే చెబుతుంది, గీత ఏ అంచుదో చెప్పదు.

సాధారణంగా పాటించే పద్ధతి ఇది. కాంక్రీట్ సైజులకు, స్టీలుకు స్ట్రక్చరల్ డ్రాయింగ్ మాట. గదుల కొలతలకు ఆర్కిటెక్ట్ మాట. చిన్న స్కేలు (1:100 వంటి) ప్లాన్ కంటే పెద్ద స్కేలు (1:20 వంటి) వివరానికి విలువ ఎక్కువ. ఎవరి మాట నెగ్గినా రెండో వాళ్ళకు చెప్పి, రెండు కాగితాలనూ సరిదిద్దించాలి. సైటులో అప్పటికప్పుడు సర్దుకోవడం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి అమెరికాలోని కాన్సస్ సిటీ ఉదంతాన్ని ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇప్పటికీ పాఠంగా చెబుతారు.

1981 జూలై 17న అక్కడి హయత్ రీజెన్సీ హోటల్ లాబీలో, పైకప్పు నుంచి వేలాడే నడవలు రెండు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డ్రాయింగ్ ప్రకారం పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి కడ్డీ నాలుగో అంతస్తు నడవనూ, దాని కింద ఉన్న రెండో అంతస్తు నడవనూ మోయాలి. తయారీలో తేలిక కోసం దాన్ని రెండు ముక్కలుగా మార్చారు. ఒక కడ్డీ పైకప్పు నుంచి నాలుగో అంతస్తు నడవకు, ఇంకోటి ఆ నడవ నుంచి కింది నడవకు. బొమ్మలో చూస్తే తేడా చాలా చిన్నది. ఒకే తాడును ఇద్దరు ఎవరికి వారు పట్టుకుని వేలాడటం వేరు, పైవాడి కాళ్ళు పట్టుకుని రెండోవాడు వేలాడటం వేరు. తాడు మీద బరువు అంతే, పైవాడి చేతుల మీద రెట్టింపు. పై నడవ బీమ్ కింద ఉన్న నట్టు రెండు నడవల బరువూ మోయలేకపోయింది. మారిన డ్రాయింగ్ మీద ఆమోద ముద్ర కూడా ఉంది.

## ఉత్తరం గుర్తు, తేదీ, ఎర్ర సిరా

కాగితంలో పై వైపు ఉత్తరం అనుకోవడం అలవాటు. చాలామంది రోడ్డు కాగితం కింది వైపు వచ్చేలా గీస్తారు. తూర్పు ముఖం ఇల్లైతే అప్పుడు ఉత్తరం కుడి పక్కకు పోతుంది. ఆగ్నేయంలో వంటగది అని చెప్పిన మాటనూ, కాగితంలో కుడి చేతి కింది మూలనూ ఒకటనుకుంటే గది ఈశాన్యానికి వెళ్తుంది. ముందు ఉత్తరం బాణం చూసి, కాగితాన్ని అటు తిప్పి పట్టుకున్నాకే వాస్తు మాట్లాడుకోవడం నయం.

ప్రతి డ్రాయింగ్ కుడి మూలన ఉండే గడిలో తేదీ, ఆర్0, ఆర్1, ఆర్2 అన్న రివిజన్ నంబరు ఉంటాయి. మారిన చోట మబ్బులాంటి గీత చుడతారు. ఇంజనీర్ దగ్గర ఆర్2 ఉండి, ఇనుము కట్టే మేస్త్రీ జేబులో ఆర్0 ప్రింటు నలిగిపోయి ఉండటం సైటుల్లో మామూలే. వాట్సాప్‌లో ఇది ఇంకా ఎక్కువ. పాత ఫైలూ కొత్త ఫైలూ ఒకే గ్రూపులో ఉంటాయి, వెతికితే ఏది ముందు దొరికితే అదే తెరుస్తారు. కొత్త డ్రాయింగ్ రాగానే పాత ప్రింట్లన్నీ వెనక్కి తీసుకోవడం, వాటి మీద అడ్డంగా గీత కొట్టడం, గ్రూపులో పాత ఫైలు తీసేయించడం ఇంటి యజమాని స్వయంగా చేయగల పనులు.

కట్టేటప్పుడు జరిగిన మార్పులను చివరి ప్రింటు మీద ఎర్ర సిరాతో రాయించుకోవాలి: ఏ పైపు ఏ గోడలో ఎంత ఎత్తున వెళ్ళింది, స్లాబ్‌లో కరెంటు గొట్టాలు ఎటు తిరిగాయి, ఏ కిటికీ ఎంత జరిగింది. ప్లాస్టరింగ్‌కు ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి ఫొటో తీసి ఆ ప్రింటుతో పాటు దాచాలి. పదేళ్ళ తర్వాత గీజర్ మార్చడానికి వచ్చే ప్లంబర్‌కు డ్రిల్లు ఎక్కడ పెట్టకూడదో చూపించడానికి ఇంకో దారి ఉండదు.